బండి అసలు బరువెంత?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సభలో నేను డి.ఏ. బకాయిల గురించి మాట్లాడాను. ఈసారి స్పోర్ట్స్ కారు బరువు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నావంక అదోలా చూశారు. జీవితంలో స్కూటరు తప్ప మరే బండీ నడపనివాణ్ణి నేను. అయినా వాహనాల రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్లాను. మా మనవడికి ఇరవై నాలుగేళ్లు. పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. అక్కడ రేసు ట్రాకుల మీద డబ్బు కట్టి సొంత బండి నడుపుకునే రోజులుంటాయట. దూరం ఎక్కువ కనుక కారును ట్రెయిలరు మీదికెక్కించి, దాన్ని మా అబ్బాయి పెద్ద కారుకు తగిలించి లాక్కుపోవాలని వాళ్ల ఏర్పాటు. ట్రెయిలరు అద్దెకు తెచ్చారు. దాని రేకు మీద మొత్తం బరువు 1,300 కిలోలకు మించరాదని, ట్రెయిలరు సొంత బరువు 480 కిలోలని ఉంది. అంటే మోయగలిగింది 820 కిలోలు. కారు కాగితాల్లో బరువు 760 కిలోలు. "ఇంకా అరవై కిలోలు మిగులుంది తాతయ్యా" అన్నాడు మనవడు.

"ఆ 760 ఏమేమి కలిపి నాన్నా?" అని అడిగాను. వాడు జవాబు చెప్పలేకపోయాడు. "బరువంటే బరువే కదా తాతయ్యా" అన్నాడు.

ఆ ప్రశ్న నా నోట ఎందుకొచ్చిందో చెప్పాలి. 1974లో నేను కొత్తగా ఉద్యోగంలో ఉన్న రోజులు. ఒక లారీ కాగితాలు నా బల్ల మీదికొచ్చాయి. ఖాళీ బరువు గడిలో కంపెనీ కాగితంలో ఉన్న అంకె వేసేశాను. అది ఒట్టి ఛాసిస్ బరువు. దాని మీద కట్టిన చెక్క బాడీ, క్యాబిన్ అందులో లేవు. కాటా చీటీ అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ లారీ యజమాని నేను రాసిన ఖాళీ బరువును మొత్తం బరువులోంచి తీసేసి, మిగిలినంతా సరుకు ఎత్తవచ్చుననుకున్నాడు. తనిఖీలో కాటా మీద బండి ఎక్కువ తూగింది. కేసు రాశారు, జరిమానా కట్టాడు. తర్వాత ఆర్.సి. పుస్తకం పట్టుకుని నా బల్ల ముందుకొచ్చి, "అయ్యా, మీరు రాసిందే నేను లెక్క కట్టుకున్నాను గదా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు. రిజిస్టరు సరిచేయించాను గాని, ఆయన జరిమానా తిరిగిరాలేదు. 2007లో పదవీ విరమణ చేసే వరకు కాటా చీటీ చూడకుండా బరువు గడిలో మళ్లీ అంకె వేయలేదు.

ఇక కార్ల సంగతి. ఒకే కారుకు మూడు నాలుగు బరువులు చెప్పవచ్చు, ఏదీ అబద్ధం కాదు. మొదటిది 'డ్రై వెయిట్', అంటే పొడి బరువు. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, రేడియేటరు నీళ్లు లేకుండా లెక్క. స్పోర్ట్స్ కార్లవాళ్లకు ఇది ఇష్టం, అంకె చిన్నగా కనబడుతుంది కదా. రెండోది 'కెర్బ్ వెయిట్'. బయలుదేరడానికి సిద్ధంగా ఇంటి ముందు నిలబెట్టిన బండి బరువు. ఇందులోనూ తేడాలున్నాయి. అమెరికా నిబంధనలో ట్యాంకు నిండా పెట్రోలు, డ్రైవరు లేడు. జర్మనీవారి డిన్ పద్ధతిలో ట్యాంకు నూటికి తొంభై వంతులు, అప్పుడూ డ్రైవరు లేడు. ఐరోపా సమాఖ్య నిబంధనలో తొంభై వంతుల పెట్రోలుతోపాటు డ్రైవరు కింద 75 కిలోలు కలుపుతారు. మన 1988 మోటారు వాహనాల చట్టంలో అన్‌లాడెన్ వెయిట్ అంటే బండితో మామూలుగా వాడే సామగ్రి అంతా కలిపి, డ్రైవరునూ అటెండెంటునూ మినహాయించి. మార్చి మార్చి వాడే బాడీలుంటే అన్నిటికన్నా బరువైనదానితో లెక్క. మన చట్టం రాసినవాళ్లు ఈ చిక్కు ఎరిగినవాళ్లే.

ఒక ఉదాహరణ చెబుతాను. 1987లో ఫెరారీ ఎఫ్40 అనే కారు వచ్చింది. దాని పొడి బరువు 1,100 కిలోలని ప్రకటించారు. పెట్రోలు 120 లీటర్లు పడుతుంది. లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో, అంటే 90 కిలోలు. డ్రైవరుకు 75. ఆయిలు, నీళ్లు లెక్కలోకి రాకముందే 165 కిలోలు పెరిగాయి, నూటికి పదిహేను! లారీకి 75 కిలోలు ఒక లెక్క కాదు. 1996లో అమ్మకానికొచ్చిన లోటస్ ఎలీజ్ బరువు 725 కిలోలుగా చెప్పారు. అలాంటి కారుకు మనిషి ఎక్కితేనే పదోవంతు పెరిగినట్టు. ఆగడానికి పట్టే దూరం, టైర్ల మీద పడే భారం, వేగం అందుకునే తీరు, అన్నీ ఆ బరువును బట్టే.

మా మనవణ్ణి కారుతో సహా దగ్గర్లోని వేబ్రిడ్జికి పంపించి, వెంట నేనూ వెళ్లాను. అక్కడ కొంత రుసుము కడితే ఎవరి బండైనా తూస్తారు. హ్యాండ్‌బ్రేకు వదిలి, నాలుగు చక్రాలూ కాటా మీదే ఉన్నాయని చూసుకుని, మనవడు దిగాడు. అంకె 860.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అది పెద్ద లారీల కాటా, ఇరవై కిలోల చొప్పున అంకె మారుతుంది. 860 అంటే 850కీ 870కీ మధ్య ఏదైనా కావచ్చు. కచ్చితంగా కావాలంటే నాలుగు చక్రాల కింద నాలుగు చిన్న కాటాలు పెట్టి, సమతలమైన నేల మీద తూచి కూడాలి. కాని మాకంత అవసరం లేకపోయింది. తక్కువలో తక్కువ 850 అనుకున్నా ట్రెయిలరు మోయగలిగినదానికి ముప్ఫై కిలోలు ఎక్కువే.

ఆ వంద కిలోలు ఎక్కడివని తండ్రీ కొడుకులు రాత్రి కూర్చుని రాశారు. పెట్రోలు ముప్ఫై. ఆయిలు, నీళ్లు పదిహేను. మిగిలింది మునుపటి యజమాని బిగించిన ఇనుప కడ్డీల చట్రం, బరువైన సీట్లు, పాటల పెట్టె. కాగితంలోని 760 ఫ్యాక్టరీలోంచి వచ్చిననాటి పొడి బరువు.

మర్నాడు ట్రెయిలరు మార్చి పెద్దది తెచ్చారు. అద్దె ఎక్కువైంది. హైవే మీద అంత వేగంలో ట్రెయిలరు ఊగితే ఏమవుతుందో మా అబ్బాయికి తెలుసు, నోరెత్తకుండా కట్టాడు. బయలుదేరే ముందు మనవడు నా దగ్గరకొచ్చి, "తాతయ్యా, ఆ లారీ ఆయన తర్వాత ఏమయ్యాడు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మిత్రులారా, బేసిక్ పే ఎంతో, చేతికొచ్చేదెంతో తేడా తెలిసినవాళ్లం మనం. మీ పిల్లలు బండి కొనేటప్పుడు, సామాను ఎత్తించేటప్పుడు ఏదైనా అంకె చదివితే, ఏమేమి కలిపి, ఏమేమి తీసి, ఎవరు తూచారు అని మూడు మాటలు అడగండి. చాదస్తమనుకుంటే అనుకోనివ్వండి.