తూర్పారబట్టు వెలుగు

కల్లములో తూర్పారబట్టుట అనంతపురము రైతులకు మేము నేర్పవలసిన విద్య కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. గింజ పాలు పోసుకొను వేళ చినుకు కరవైనచో తాలు మిగులును. గాలికి తాలు పోయి గట్టిగింజ నిలుచును. వేరుశనగ విస్తరించి వెనుకబడిన కొర్రకు మరల ఆదరణ కలుగుచున్న ఈ రోజులలో, ఏ రకము బెట్టకు తట్టుకొని నిండుగా గింజకట్టునో తెలియవలెను. అందుకు గింజలోని పిండిరేణువును చూడవలెను.

కొర్ర రేణువు పలుముఖములు గలది. మిల్లీమీటరులో నూరవ వంతుకు అటునిటుగా ఉండును. గోధుమలో బిళ్ళల వంటి పెద్ద రేణువులును, గుండ్రని చిన్నవియు కలవు. ప్రతి రేణువును ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా పెరుగును. గట్టిపొర, వదులుపొర ఒకదాని వెంట ఒకటి వచ్చును.

ఇట్టి రేణువులను వేరుపరచుటకు ఫ్లో సైటోమెట్రీ అను పద్ధతి కలదు. నీటి ధారలో రేణువులు ఒకదాని వెనుక ఒకటి లేసర్ కిరణమును దాటును. ముందునకు చెదరిన వెలుగు ముఖ్యముగా పరిమాణమును, ప్రక్కకు చెదరినది లోపలి కూర్పును సూచించును. పిమ్మట ధారను బిందువులుగా విడగొట్టి, కోరిన రేణువున్న బిందువునకు విద్యుదావేశమిచ్చి ప్రక్కకు మరల్చుదురు. ఇట్లు వేరుచేయు యంత్రమును మాక్ ఫుల్వైలర్ అమెరికాలోని లాస్ అలమాస్‌లో నిర్మించి 1965లో ప్రకటించెను.

జీవకణములకై పుట్టిన ఈ పద్ధతికి పిండిరేణువు సులభముగా లొంగదు. అది నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. నానబోసిన పిండివలె అడుగున పేరుకొనును గనుక కలుపుచునే ఉండవలెను. బిళ్ళరేణువు అడ్డముగా పోయినపుడు ఒక తీరునను, అంచుగా పోయినపుడు వేరొక తీరునను వెలుగును చెదరగొట్టును. అంటుకొనిన రెండు రేణువులు ఒక పెద్ద రేణువుగా లెక్కకు వచ్చును. మిల్లీమీటరులో పదవ వంతు వరకు పెరుగు బంగాళాదుంప రేణువు సన్నని ధారారంధ్రమునే మూసివేయగలదు.

కావున యంత్రము చూపునది రేణువు కొలత కాదు, వెలుగు చెదరిన తీరు మాత్రమే. వేరుపడిన కుప్పను సూక్ష్మదర్శినిలో చూడవలెను. అయోడిన్ చుక్క వేయవలెను. సాధారణ పిండి నీలమగును, జిగురుపిండి ఎఱ్ఱబారును. ఈ పరీక్ష లేక ఒక రకమును మంచిదని విత్తనమునకు ఎన్నినచో, నష్టము ప్రయోగశాలకు కాదు, వాననమ్మిన రైతునకు కలుగును. తూర్పారబట్టిన గింజనైనను పంటికొరికి చూచిన పిమ్మటనే గదా మనము గాదెలో పోయుట!