పట్టా, పట్టీ

మీకు ఆకలవుతోంది, నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

పిల్లలూ, ఇందాక మీరు ఒక్కొక్కరూ వేదిక దిగుతుంటే మీ చేతులకేసి చూస్తూ కూర్చున్నాను. పట్టా అందుకున్న ప్రతి ఒక్కరూ మెట్ల దగ్గరే ఆగి ముందు పేరు చూసుకున్నారు. అక్షరాలు సరిగ్గా పడ్డాయా, ఇంటిపేరు తప్పు పోలేదు కదా అని. మార్కులు తర్వాత, ఫొటో తర్వాత. ఆ చూపు గుర్తుపెట్టుకోండి. నేనీరోజు మాట్లాడేదంతా దాని గురించే.

నేను పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజలో. మా వాళ్లు పాలమూరు నుంచి బతకడానికి వచ్చారు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ చెయ్యి పడిందని పెద్దవాళ్లు చెబుతారు. నాన్న తాపీ మేస్త్రీ. అమ్మ ఆయన చేతికింద తట్ట మోసేది. పొద్దున ఏడు కాకముందే ఇద్దరూ సద్దిగిన్నె పట్టుకుని అడ్డా మీద నిలబడేవాళ్లు. శనివారం బట్వాడా. కాంట్రాక్టరు గుమస్తా హాజరు పట్టీ తెరిచి నాన్న పేరు పిలిచేవాడు. ఆ పేరు పక్కన ‘జోడీ’ అని రాసి ఉండేది. ఇద్దరి కూలీ నాన్న చేతిలో పెట్టేవాడు. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నేను ఒక శనివారం ఆ పట్టీ మీద వేలు పెట్టి వెతికాను. “మా అమ్మ పేరేది?” అని అడిగాను. “మీ నాన్న పేరులోనే ఉంది బిడ్డా” అన్నాడు గుమస్తా. అమ్మ ఏమీ అనలేదు, నా వేలు పట్టుకుని నడిచింది. సివిల్ ఇంజినీరింగ్ ఎందుకు చదివావని నన్ను అడిగినవాళ్లకి రకరకాల జవాబులు చెప్పాను. అసలు జవాబు ఆ పట్టీ.

ఇక మీ పుస్తకంలోని మాటే తీసుకుంటాను. బరువు ఎలా దిగుతుంది? శ్లాబు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి, అక్కణ్నుంచి నేలకి. మొదటి ఏడాదే నేర్చుకున్నారు. ఆర్థిక మాంద్యం బరువు కూడా అదే దారిన దిగుతుంది. ఆ దిగడం నేను కళ్లారా చూశాను.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. అప్పుడు నేను నగరానికి పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్ల సైటులో ప్రాజెక్టు ఇంజినీరుని. ఆ వార్తకీ మాకూ ఏం సంబంధమనుకున్నాం. కొద్ది నెలల్లోనే బుకింగులు పడిపోయాయి. బ్యాంకు ఇస్తానన్న అప్పు విడతలు ఆగాయి. ఆ పైన 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన కంపెనీ లెక్కలు తప్పుడువని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఐటీ జీతాన్ని నమ్ముకుని ఫ్లాటు కొందామనుకున్నవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు అప్పుడు అదే రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కూటమి చేతిలో ఉండేది. 2009 జులైలో అది రద్దయింది. మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ చేతికి వెళ్లింది. నగరంలో మొదటి మెట్రో రైలు కదిలేసరికి 2017 నవంబరు 28 వచ్చింది. మన పాతబస్తీ ముక్క ఇంకా ఎక్కువ కాలం ఆగింది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు. దానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చి 8న. ఒక్క ప్రాజెక్టు ఆగితే ఎన్నేళ్ల కూలీ ఆగుతుందో మీరే లెక్కేసుకోండి.

మళ్లీ ఆ మాంద్యం రోజులకి వస్తాను. మా సైటులో అయిదో శ్లాబు పడింది. ఆరో శ్లాబుకి సెంట్రింగ్ కడుతుండగా ఆపేయమని ఫోను వచ్చింది. ముందు పోయింది పార పట్టేవాళ్లు, తట్ట మోసేవాళ్లు. “రేపట్నుంచి రావద్దు” అని గుంపు మేస్త్రీతో చెప్పించాం, అంతే. వారం తిరిగేసరికి సెంట్రింగ్ వాళ్లు, రాడ్ కట్టేవాళ్లు. కంకర టిప్పర్లు రావడం మానేశాయి. ఇటుక బట్టీ ఆయన పాత బాకీ కోసం వచ్చి కూర్చున్నాడు. ఆయన బట్టీలో ఇటుకలు కోసేది ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలు. ఆయనకి మేం ఇవ్వకపోతే వాళ్లకి ఆయన ఇవ్వడు. తాండూరు నాపరాయి ఆర్డరు రద్దు చేశాం. చాంద్రాయణగుట్ట వైపు షెడ్డులో మాకు గ్రిల్లులు వెల్డింగ్ చేసే అబ్బాయికి ఫోను చేసి, కోసిన ఇనుము కోసినట్టే ఉంచమన్నాను. వడ్రంగులకి మరో రెండు నెలలు పని దొరికింది, గోడలు లేచిన అంతస్తులు కొన్ని ఉన్నాయి కాబట్టి. రంగులేసేవాళ్లకి దెబ్బ అందరికన్నా ఆఖర్న తగిలింది. పని మళ్లీ మొదలయ్యాక పిలుపు ఆఖర్న వచ్చిందీ వాళ్లకే. గుంత తవ్వేవాడు ముందు పోతాడు, ముందు తిరిగొస్తాడు. రంగులేసేవాడు వెనక పోతాడు, వెనక తిరిగొస్తాడు. నడుమ నెలలు మాత్రం ఇద్దరికీ ఒకేలా గడుస్తాయి. కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది, పుస్తెలు తాకట్టుకి వెళ్తాయి.

2009 నవంబరు 25న దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పులు తీర్చడానికి గడువు కావాలని అడిగింది. మీలో చాలామంది ఇళ్లల్లో ఈ కథ తెలుసు. బార్కస్‌లో, శాలిబండలో, ఇక్కడ ప్రతి గల్లీలో దుబాయ్ జీతం మీద లేచిన గోడలున్నాయి. అక్కడ క్రేన్ ఆగితే ఇక్కడ మేడ ఆగుతుంది. డాబా మీద పై అంతస్తు కోసం వదిలిన చువ్వలు తుప్పు పట్టి అలా ఆకాశంలోకి చూస్తుంటాయి. ఆ చువ్వల కింద కూర్చుని చదువుకున్న పిల్లలు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఒక గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లాను. నేలమీద పరిచిన పాత సామాన్లలో తాపీలు, రసమట్టాలు, తూకపు గుండ్లు కనిపించాయి. పిడి దగ్గర అరచెయ్యి పడి పడి నునుపుదేలిన తాపీలవి. నాకు కాళ్లాడలేదు. మేస్త్రీ తాపీ అమ్ముకున్నాడంటే రైతు విత్తనాలు వండుకు తిన్నట్టే. వాటిలో ఒకటి కొన్నాను. ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది.

ఇప్పుడు నన్ను రాత్రుళ్లు పడుకోనివ్వని సంగతికి వస్తాను. 2020.

మార్చిలో కరోనా లాక్‌డౌన్. అప్పటికి నేను మూడు సైట్ల మీద పెద్దదాన్ని. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న కార్మికులు ఏప్రిల్ నెలాఖరున ఇళ్లకి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. సుమారు 1,200 మంది ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశంలో నిర్మాణ రంగం 50.3 శాతం కుంగిందని తొలి అంచనా. వ్యవసాయం 3.4 శాతం పెరిగింది. ఊళ్లో చారెడు నేల ఉన్నవాడు ఎందుకు అంత ఆత్రంగా రైలెక్కాడో ఆ రెండు అంకెలు చెబుతాయి.

మన రాష్ట్ర ప్రభుత్వం వలస కార్మికులకి తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. సైట్ల నుంచి జాబితాలు అడిగారు. మా వాళ్లు పట్టీ చూసి ఎక్కించారు, నేను సంతకం పెట్టాను. ఒక సైటు జాబితాలో 61 పేర్లు. ఆ సైటు షెడ్లలో ఉన్న పెద్దవాళ్లు నూటికి పైనే. మర్నాడు ఛత్తీస్‌గఢ్ అమ్మాయి ఒకతె, చంకలో బిడ్డతో వచ్చి, “మేడమ్, నేనూ ఇటుకలు మోశాను కదా, నా పేరు లేదట” అంది. పట్టీ తెప్పించి చూశాను. ఆమె మొగుడి పేరు పక్కన ఒక మాట రాసి ఉంది. జోడీ.

నా సైటులో. నా సంతకం కింద. అది గుమస్తా తప్పు కాదు, గుంపు మేస్త్రీ తప్పు కాదు, నా తప్పు. రెండు రోజులు షెడ్డు షెడ్డూ తిరిగి పేర్లు మళ్లీ రాసి పంపాం. ఈలోపు ఎన్ని పొయ్యిలు వెలగలేదో నేను లెక్క కట్టలేను.

ఒక చట్టం సంగతి చెబుతాను, నోట్సు రాసుకోండి. పరీక్షలో రాదు, బతుకులో వస్తుంది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం చేశారు, దాంతోపాటే సెస్సు చట్టం. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమానికి జమ కావాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఈ సెస్సు ఏర్పాటు వాటిలోనూ ఉంది. 2020 మార్చి 24న ఈ సెస్సు నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకి సూచించింది. దేశమంతా కలిపి సుమారు 52,000 కోట్ల రూపాయల నిధి ఉందని, నమోదైనవాళ్లు సుమారు మూడున్నర కోట్లని అప్పుడు చెప్పారు. డబ్బు ఉంది, చట్టం ఉంది. కార్డు లేనివాళ్లకి మాత్రం ఆ తలుపు తెరుచుకోదు. కార్డు కావాలంటే 90 రోజుల పనికి రుజువు కావాలి. ఆ రుజువు ఎవరి దగ్గరుంటుంది నాన్నా? సైటులో పట్టీ రాసే మీ దగ్గర!

మాంద్యాన్ని మీరు ఆపలేరు. నేనూ ఆపలేను. కట్టడానికి పునాదిలో ఏం వెయ్యాలో అది కట్టేటప్పుడే వెయ్యాలి, వాన వచ్చాక కాదు. పని బాగా నడుస్తున్న రోజుల్లో రాసిన పేరే పని ఆగిన రోజున అన్నం పెడుతుంది.

ఇక కాసేపు తిడతాను, కోపం తెచ్చుకోకండి. మా సైట్లకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. నాలుగు నెలలుంటారు. వెళ్లేటప్పుడు ఒక్క మేస్త్రీ పేరు చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. “ఏయ్ సెంట్రింగ్, ఇటు రా. ఏయ్ రాడ్, అది తియ్.” పనిముట్టుని పిలిచినట్టు మనిషిని పిలుస్తారా? మీ అమ్మని “ఏయ్ వంట” అని పిలుస్తారా? ఆయన మీ నాన్న వయసువాడు. గోడ నిలువు చూడటం మీకంటే ముందు నేర్చుకున్నాడు. అన్నా అనండి, చాచా అనండి, పెద్దాయనా అనండి. పేరు తెలిస్తేనే కదా పట్టీలో రాసేది! ఇంకోటి. హెల్మెట్ ఫొటో కోసం పెట్టుకుని, ఫొటో అయ్యాక బైకుకి తగిలించే అలవాటు మానండి తల్లీ. మీరు తీస్తే వాళ్లూ తీస్తారు.

మీ ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి, మీ అమ్మానాన్నలు దానికోసమే ఎదురుచూస్తున్నారు. మంచి రోజుల్లో చేరినవాళ్లకి చెడ్డ రోజులు తప్పవు. నా ఉద్యోగమే 2009లో మూడు నెలలు జీతం లేకుండా నడిచింది. నేను నేర్చుకున్నది ఇది: కొత్తవి కట్టడం ఆగినా, ఉన్నవి కారడం ఆగదు. మరమ్మతు పని నేర్చుకోండి. మీరు చదివింది ఎక్కడ? చార్మినార్ నీడలో. 1591 నాటి ఆ కట్టడాన్ని నిలబెట్టింది డంగు సున్నం. సున్నాన్ని గానుగలో నూరి, బెల్లం, మారేడు లాంటివి కలిపి చేసిన ఆ పనితనం గురించి మీ సిలబస్‌లో ఒక పేరా కూడా ఉండదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేయించిన పునరుద్ధరణని వెళ్లి చూడండి. సిమెంటు పూతలు చెక్కేసి మళ్లీ సున్నం పని చేశారు. ఆ చేతులకి విలువుంది. ఆ చేతులతో కలిసి పనిచేయగల ఇంజినీరుకీ విలువుంటుంది.

ఆడపిల్లలకి ఒక మాట. మీ పట్టా మీద మీ పేరు ఉంది, ఎవరి పక్కనో కాదు. సైటులో ఆడవాళ్లు ఏళ్ల తరబడి తట్ట మోస్తారు, తాపీ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వరు. పని తగ్గగానే ముందు ఇంటికి పంపేదీ వాళ్లనే. మీరు ఇంజినీర్లుగా వెళ్తున్నారు. ఒక్కరికైనా తాపీ చేతికివ్వండి.

మీలో కొందరు సోమవారమే సైట్లలో చేరుతున్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. పొద్దున్నే పట్టీ మీ ముందుకొస్తుంది. తెరవండి. ఎక్కడైనా ‘జోడీ’ అన్న మాట కనిపిస్తే గీత కొట్టి, పక్కన కొత్త వరస గీసి, ఆమెను పిలిచి “నీ పేరేంటమ్మా?” అని అడగండి. ఇంటిపేరుతో సహా రాయండి. రాశాక ఆ పేజీ ఆమె వైపు తిప్పి చూపించండి. చదువు రాకపోయినా చూస్తుంది. ఇందాక మెట్ల దగ్గర ఆగి మీరు చూసుకున్నట్టే చూసుకుంటుంది.

వెళ్లి రండి. శుభం. ఖుదా హాఫిజ్.