లేసు అల్లిక: నేర్పు, కూలి, గుర్తింపు

(మాదాపూరులోని శిల్పారామమును చూడవచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



మీరిప్పుడు కూర్చున్న ఈ శిల్పారామము 1992వ సంవత్సరమున సంకల్పింపబడిన చేతిపనుల గ్రామము. దీనికి సమీపముననే, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్సు కలదు. దాని చుట్టును పెరిగిన హైటెక్ సిటీలోని కార్యాలయములలో పనిని గంటలతో లెక్కించుట వాడుక. ఇటు అంగళ్లలో ఒక లేసు బల్లగుడ్డను చేతికి తీసికొని బేరమాడునపుడు, దీనిలో ఎన్ని గంటల పని యున్నదని అడుగువారు అరుదు. అల్లిన స్త్రీకి సైతము ఆ లెక్క తెలియకపోవుటయే అసలు చిక్కు. ఆ లెక్కను గూర్చియు, దానిని తెలిసికొనుటకు ఉపకరించు ఒక నేర్పును గూర్చియు నేడు మనవి చేయదలచితిమి.

అల్లికలు ముఖ్యముగా రెండు విధములు. ఊలు స్వెటరును రెండు సూదులతో అల్లుదురు. కుట్లన్నియు వరుసగా సూదిమీద నిలిచియుండును. ఒకటి జారెనా, దాని క్రింది వరుసలును వదులగుచు పోవును. క్రోషే లేసుకు కొక్కెము గల సూది ఒక్కటే చాలును. సూదిపై సామాన్యముగా ఒక కుట్టు మాత్రమే నిలుచును. స్వెటర్లల్లు యంత్రములు ఎన్నియో వచ్చినవి గాని, నిజమైన క్రోషే కుట్టు నేటికిని చేతితో వేయవలసినదే. కావున క్రోషే లేసు ఎక్కడ కనబడినను, దాని వెనుక ఒక మనిషి కూర్చున్న గంటలు కలవని గ్రహింపవలెను.

మన దేశమున ఈ విద్యకు గోదావరీ తీరము పేరెన్నిక గన్నది. ఎగువన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెము, దిగువన పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురము దీనికి ప్రసిద్ధ స్థానములు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీ కుటుంబముల స్త్రీలు ఇచ్చటి స్త్రీలకు దీనిని నేర్పిరి. నర్సాపురము పరిసర గ్రామములలో, పొలము పనికి పోవుట మర్యాద కాదను ఆచారము గల ఇండ్లకు సైతము ఈ పని ప్రవేశించెను. అచ్చటి అరుగులమీద అల్లిన లేసు సముద్రములు దాటి విదేశములలో అమ్ముడుపోయెను.

కాని అల్లిన చేతికి దక్కినదెంత? జర్మను పండితురాలు మరియా మీస్ నర్సాపురము లేసు స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఇంటి చాకిరికి తోడు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచున్నను, ఆ స్త్రీలను పనివారుగా నెవరును ఎంచలేదనియు, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులుగానే చూచిరనియు, వారికి ముట్టినది కనీస వేతనమునకు ఎంతయో తక్కువయనియు ఆమె నిరూపించిరి. పని కూడ ముక్కలైయుండెను. పూవులల్లువారు కొందరు, వానిని కలిపి అతుకుపని చేయువారు మరికొందరు. వ్యాపారము పురుషుల చేతిలో నుండెను. పూవు మాత్రమే అల్లిన స్త్రీ పూర్తియైన వస్తువును చూడదు. చూడని వస్తువు వెల ఆమె ఎట్లడుగగలదు?

కాబట్టి క్రొత్త నేర్పు అనగా క్రొత్త డిజైను మాత్రమే కాదు. వస్తువును మొదటి కుట్టు నుండి చివరి ముడి వరకు తానే ముగింపగలుగుట అన్నిటికంటె ముఖ్యమైన నేర్పు. దీనికి సులువైన పద్ధతి యొకటి కలదు. పూవులన్నియు అల్లిన పిదప అతుకుటకు మారుగా, అల్లుచుండగనే కలుపుట. మొదటి పూవును పూర్తిగా అల్లవలెను. రెండవదానిని కడపటి వరుస వరకు తెచ్చి, రేకు కొనయందు గొలుసు కుట్టు వేయుచున్నపుడు, సూదిని మొదటి పూవు రేకు కొననున్న సందులో దూర్చి, దారము లాగి, ఒక జారు కుట్టు వేయవలెను. పిమ్మట ఆ రేకును యథాప్రకారము ముగింపవలెను. ప్రక్క రేకును గూడ ఇట్లే కలిపినచో పూవులు రెండును జతపడును. మూడవ పూవు మొదలు ఇదే క్రమము.

ఇందు మెలకువలు కొన్ని గలవు. నేర్చుకొనువారు మొదటనే సన్నని నూలుదారము పట్టరాదు. లావు ఊలుతో, పెద్ద సూదితో మొదలుపెట్టినచో కుట్లు కంటికి స్పష్టముగా కనబడును. ప్రతి వరుసను లెక్కపెట్టవలెను. కుట్లు తక్కువైనచో పూవు దొప్పవలె ముడుచుకొనును. ఎక్కువైనచో అంచు కుచ్చిళ్లు పడును. ఒకే దారము, ఒకే సూది వాడుచు, ప్రతి పూవును స్కేలుతో కొలిచి చూడవలెను; కొలత తప్పిన పూవు తక్కిన వానితో కలియదు. తప్పు జరిగిన విప్పుటకు సందేహింప బనిలేదు. విప్పిన దారము మరల పనికివచ్చును.

ఇక లెక్క. ఉదాహరణకు ఒక బల్లగుడ్డకు 120 పూవులు పట్టుననుకొందము. కలుపుటతో కూడ గంటకు 3 పూవులు అల్లినచో 40 గంటలగును. అనగా దినమునకు 8 గంటల చొప్పున 5 దినముల పని. మీ గ్రామమున ఒక దినపు కూలి ఎంతయో మీకు తెలియును. దారము ఖరీదునకు ఐదు దినముల కూలిని, ఉతికి గంజిపెట్టు ఖర్చును చేర్చిన గాని ఆ గుడ్డకు న్యాయమైన వెల రాదు. అంతకు తక్కువకు అమ్మినచో, ఆ లోటు అల్లిన స్త్రీ కూలిలోనుండియే తీరుచున్నదని తెలియవలెను.

వెల అడుగుటకు గుర్తింపు బలమిచ్చును. నర్సాపురము క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. మన పోచంపల్లి వస్త్రములకు వలెనే, వేరొకచోట తయారైన సరకును ఆ పేరుతో అమ్ముట చట్టవిరుద్ధము. ఇక పనివారి విషయము. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖకు చెందిన హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయము చేతిపనివారికి ‘పెహచాన్’ అను గుర్తింపు కార్డు నిచ్చుచున్నది. గృహిణి యని మాత్రమే పేరుపడిన స్త్రీ దానివలన చేతిపనివారి జాబితాకెక్కును. అమ్మకమునకు ఈ శిల్పారామముననే మహిళా సంఘముల కొరకు నూటికి పైగా దుకాణములతో ఇందిరా మహిళాశక్తి బజారు ఏర్పడినది.

పంచాయతీలు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదటిది, గ్రామమున అల్లిక తెలిసిన స్త్రీలెందరో, ఎవరికేమి వచ్చునో పేరుపేరున వ్రాయించుట. రెండవది, పంచాయతీ భవనములోనో పాఠశాలలోనో మంచి వెలుతురు గల ఒక గదిని వారమున కొన్ని గంటలు వారికిచ్చి, తెలిసినవారిచే తెలియనివారికి పూర్తి వస్తువును ముగించుట నేర్పించుట. మూడవది, ప్రతి స్త్రీ తన పని గంటలను, దారము ఖరీదును ఒక పుస్తకములో వ్రాసికొనునట్లు గ్రామ సమాఖ్య ద్వారా చూచుట. నాల్గవది, గుర్తింపు కార్డుల దరఖాస్తులకు తోడ్పడుట.

ఈ సాయంకాలము మీరు అంగళ్లు చూచునపుడు ఒక లేసు గుడ్డను చేతికి తీసికొని, దానిలోని పూవులను లెక్కించి చూడుడు. తిరిగి గ్రామమునకు పోయిన పిమ్మట, అరుగుమీద కూర్చుండి అల్లుచున్న మీ యాడపడుచును, “అమ్మా, దీనికెన్ని గంటలు పట్టినది?” అని ముందుగా అడుగుడు. వెల సంగతి ఆ తరువాత మాటలాడవచ్చును. పంచాయతీ పెద్దలే ఈ ప్రశ్న వేయ మొదలిడినచో, బేరమునకు వచ్చినవారును దానిని విని తీరవలసి వచ్చునని మా విశ్వాసము.