యంత్రమును, దాని సాక్షియు

(బోగోలులోని పఠనమందిరమున న్యాయవాది యొకరు చేసిన యుపన్యాసము)



విశాఖపట్టణపు బీచిరోడ్డున ఒక జలాంతర్గామియు, దాని కెదుట రోడ్డు కవతల ఒక విమానమును నిలుపబడియున్నవి. మన బోగోలునుండి రైలెక్కి విశాఖకు బోయినవారిలో ననేకులు వీనిని జూచియే యుందురు. యంత్రములను జూచివచ్చితిమి గాని, వానితో బనిచేసిన మనుష్యులనుగూర్చి మన మాలోచించితిమా? నేడు వారినిగూర్చి మనవిచేయ దలచితిని.

ఆ జలాంతర్గామి పేరు కురుసుర. అది 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున జేరి, 31 సంవత్సరములు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. మఱుసటి సంవత్సరము ఆగస్టులో ప్రదర్శనశాల యైనది. విమానము టీయూ-142. 1988లో మన నౌకాదళమునకు వచ్చిన యీ జాతి విమానములు 29 సంవత్సరములు సముద్రముపై గస్తీ తిరిగి, 2017 మార్చి 29న అరక్కోణమున సేవనుండి తొలగినవి. వానిలో నొకటి ఆ డిసెంబరులోనే విశాఖయందు ప్రదర్శనకు వచ్చినది.

నీటిలో దాగుట జలాంతర్గామి పని. దానిని వెదకి పట్టుట ఈ విమానపు పని. వేటాడునదియు, వేటాడబడునదియు నొకే రోడ్డు కిరువైపుల నిలిచియున్నవన్న మాట! ఈ సంగతి బల్లపై వ్రాసిన పొడవు వెడల్పులవలన దెలియదు. విమానపు నాలుగు ఇంజనులలో ప్రతిదానికిని రెండేసి పంకాలు ఎదురు దిక్కులకు దిరుగు నేల? మొదటి పంకా సుడిద్రిప్పి వృథాపుచ్చు గాలిబలమును రెండవది గ్రహించి పనికి దెచ్చును. ఇట్టివి ఎఱిగినవాడు చెప్పిననే సామాన్యునకు బోధపడును.

కురుసురలో జనులకు దారిచూపుటకు విశ్రాంత నావికులు నియమితులైరి. ఇది మెచ్చదగిన యేర్పాటు. వారు లేనిచో ఆ గొట్టములును, చక్రములును ఇనుపకొట్టు సామాను వలెనే కనబడును. తొట్లలోనికి నీరు విడిచిన ఓడ మునుగును. గాలినొత్తి ఆ నీటిని వెడలగొట్టిన తేలును. చెప్పుటకు రెండు మాటలే. కాని ఆ లోతున జీవించివచ్చినవాని నోట విన్నపుడు బాలుని మనస్సున నాటుకొనును.

ఇంగ్లండులో మఱియొక దృష్టాంతము గలదు. 1940 డిసెంబరు 31న లాక్ నెస్ సరస్సులో దిగి మునిగిన వెల్లింగ్టన్ బాంబరు విమానమును 1985లో వెలికిదీసిరి. గంపవలె నల్లబడిన దాని లోహపు పంజరమును బ్రూక్లాండ్సు ప్రదర్శనశాలలో స్వచ్ఛంద సేవకులు ఏండ్లతరబడి బాగుచేసిరి.

"వృద్ధులచే నూరక పని చేయించుట న్యాయమా?" యని కొందఱడుగవచ్చును. తగిన ప్రశ్నయే. ప్రతిదినము చేయవలసిన కొలువునకు జీతమీయవలెను. సేవ యను పేర కూలి యెగవేయరాదు. కాని తాను నేర్చినదానిని తనంతట పంచిపెట్టదలచినవానికి చోటు చూపకుండుటయు నన్యాయమే.

మా న్యాయస్థానములలో నొక ధర్మమున్నది. వీలునామా యెంత చక్కగా వ్రాయబడినను, సాక్షి సంతకము చేసినవాడు జీవించియున్నచో, ఒక్కనినైనను పిలిచి విచారింపనిదే అది రుజువు కాదు. యంత్రము దస్తావేజు వంటిది. దానితో బనిచేసినవాడు సాక్షి. దస్తావేజును బీరువాలో దాచవచ్చును. సాక్షిని దాచలేము.

మన ప్రక్కనే బిట్రగుంట యున్నది. ఆవిరి యింజనుల కాలమున అచ్చటి లోకోషెడ్డు ఈ ప్రాంతమున కెల్ల పేరుగాంచినది. ఆ యింజనులు పోయినవి. బొగ్గువేసినవారును, బాయిలరు బాగుచేసినవారును ముసలివారైరి; వారి మాట వినువారు ఇంటిలోనే కరవైరి. విశాఖలో వలె మనము ప్రదర్శనశాల కట్టజాలము. కాని వారమున కొక సాయంకాలము ఈ పఠనమందిరమున నొక పెద్దను గూర్చుండబెట్టి, ఇద్దఱు యువకులచే ఆయన మాటలు వ్రాయింపజాలమా? ఇందులకు చందాలక్కఱలేదు, ఒక నోటుపుస్తకము చాలును.

మీలో నెవరి తండ్రిగారైనను, తాతగారైనను ఆ షెడ్డులో బనిచేసియున్నచో, వచ్చు ఆదివారము వారిని వెంటబెట్టుకొని రండని ప్రార్థించుచున్నాను. వ్రాయుటకు నేను సిద్ధముగా నుందును.