రిజిస్ట్రీ జోలికి వెళ్ళే ముందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం కంప్యూటర్ రిజిస్ట్రీని శుభ్రం చేయడం. శుభ్రం అనగానే మంచి పనే కదా అనిపిస్తుంది. కానీ మన సర్వీసు రిజిస్టరును ఒకసారి తలచుకోండి. ఎప్పుడో 1978లో పెట్టిన మెడికల్ లీవు పద్దు ఇప్పుడెందుకని ఎవరైనా ఆ కాగితం చించేస్తారా? పెన్షన్ లెక్క కట్టే రోజున అదే కావలసి రావచ్చు. విండోస్‌కు రిజిస్ట్రీ అటువంటి పుస్తకం.

పూర్వం ఒక్కొక్క ప్రోగ్రాం తన వివరాలను విడివిడి చిన్న ఫైళ్ళలో రాసుకునేది. 1995లో విండోస్ 95 వచ్చాక వీటిలో చాలాభాగం ఒకచోటికి చేరింది. ఏ ప్రింటరు తగిలించారు, ఏ ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలి, మిషను ఆన్ చేయగానే ఏవేవి నడవాలి, అన్నీ అందులోనే. ప్రోగ్రాం తీసేశాక కొన్ని పద్దులు మిగిలిపోయే మాట నిజమే. అయితే వాటివల్ల మిషను నెమ్మదిస్తుందన్నది మాత్రం వ్యాపారుల ప్రచారం. విండోస్ తనకు కావలసిన పేజీకే వెళ్తుంది గాని పుస్తకమంతా చదవదు. వెయ్యి పద్దులు కొట్టేసినా మిగిలే చోటు సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటోకు కూడా చాలదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్ట్‌వారే రాతపూర్వకంగా చెప్పారు.

మన సభ్యులొకరి ఇంట్లో నవంబరు మొదటి వారంలోనే ఇలాంటి క్లీనర్ నడిపారు. మర్నాడు లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర యంత్రం తగిలిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తించనే లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అదృష్టవశాత్తూ ఆ మిషనులో రీస్టోర్ పాయింట్ ఉంది కనుక వెనక్కి తేగలిగారు.

కాబట్టి ముందు నేర్చుకోవలసింది ఆ రీస్టోర్ పాయింటే. స్టార్ట్ నొక్కి 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని టైపు చేయండి. వచ్చిన పెట్టెలో సి డ్రైవ్ ఎదురుగా 'ఆఫ్' అని ఉంటే కాన్ఫిగర్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. చాలా మిషన్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, ఈ రాత్రే చూసుకోండి. తర్వాత క్రియేట్ నొక్కి తేదీతో పేరు పెట్టండి. ఇది రిజిస్ట్రీని, సిస్టం ఫైళ్ళను కాపాడుతుందే తప్ప మనవల ఫోటోలను, ఉత్తరాలను కాదు. వాటిని వేరే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవలసిందే.

తెలిసినవారు చెప్పగా ఏదో ఒక పద్దు తీయక తప్పలేదనుకోండి. రెజ్‌ఎడిట్ తెరిచి, ఆ కొమ్మ మీద ఉంచి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి నకలు దాచుకోండి. తేడా వస్తే ఆ నకలు మీద రెండుసార్లు నొక్కితే తీసేసిన పద్దులు తిరిగి చేరతాయి. ఇక్కడ సేవ్ మీట లేదు, అన్‌డూ లేదు. చేసిన మార్పు ఆ క్షణమే అమలు. వెంటనే తీసేయకుండా పేరు చివర ఒక అక్షరం చేర్చి నెల రోజులు చూడడం నాకు నచ్చిన పద్ధతి. మిషను అసలు తెరుచుకోకపోతే కంగారు వద్దు. రెండు మూడుసార్లు విఫలమయ్యాక మరమ్మతు తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆపైన అడ్వాన్స్‌డ్, అక్కడ సిస్టం రీస్టోర్.

మరి మిషను నెమ్మదిగా ఉంటే? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, స్టార్టప్ జాబితాలో అక్కరలేనివి డిసేబుల్ చేయండి. సెట్టింగ్స్‌లో స్టోరేజి కింద తాత్కాలిక ఫైళ్ళు తీసేయండి. కానీ అక్కడ డౌన్‌లోడ్స్ గడిలో టిక్ పెట్టకండి; మన పెన్షన్ స్లిప్పులు, ఫారం 16లు ఉండేది అందులోనే. పాత హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే వేగం ఏ క్లీనరూ ఇవ్వలేదు.

'మీ కంప్యూటర్‌లో 1,200 తప్పులున్నాయి' అని తెర మీద కనబడితే నమ్మకండి. పేరున్న దుకాణమైనా అంతే. ఉచిత పరీక్ష పేరిట లేని జబ్బులు చూపి మరమ్మతులు అమ్మారన్న అభియోగంపై 2019లో అమెరికాలో ఆఫీస్ డిపో, దాని సాఫ్ట్‌వేర్ భాగస్వామి కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. 2017లోనైతే బాగా వాడుకలో ఉన్న సీక్లీనర్‌లోకే దుండగులు చొరబడ్డారు. ఆ కలుషితమైన ప్రతి లక్షల మిషన్లలోకి చేరింది.

మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని ఫోను వస్తే పెట్టేయండి, వాళ్ళు మనకు ఫోను చేయరు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. టీ తర్వాత నా లాప్‌టాప్‌లో రీస్టోర్ పాయింట్ పెట్టి చూపిస్తాను, ఆసక్తి ఉన్నవారు ఉండండి.