మూడేండ్లలోపు బిడ్డకు బువ్వ తినిపించేదెవరు?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనంగనే బీడీల చాట, సాంచెల సప్పుడు, దుబాయి బతుకు యాదికొస్తయి. వీటి నడుమ పెరుగుతున్న పసిపిల్లల తిండి మాత్రం మన ఉపన్యాసాలల్లకు రాదు. ఇయ్యాల మేం దాని గురించే మాట్లాడదలుచుకున్నం.

ముందుగాల ఒక లెక్క. ఐదేండ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివాళ్లు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 28 శాతం. 2019-21 సర్వే నాటికి 33 శాతం. కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్న మనం ఈ లెక్కకు కూడా జవాబు చెప్పాలె.

పథకాలకు కొదువ లేదు. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. ప్రతి ఆవాసంలో అంగన్‌వాడీ ఉండాలని, ఆరేండ్లలోపు ప్రతి బిడ్డకూ 300 క్యాలరీల తిండి అందాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని 500 క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు చేసింది. కాబట్టి అంగన్‌వాడీ గుడ్డు ఎవరి దయాధర్మం కాదు, అది బిడ్డ హక్కు.

మరి ఎక్కడ తప్పుతున్నది? మూడేండ్లు నిండిన పిల్లలు కేంద్రంలో టీచర్ కండ్లముందట అన్నం, పప్పు, గుడ్డు తింటరు. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి పోయే పద్ధతి పెట్టిన్రు. ఆ పిండి రోజుకు 100 గ్రాముల చొప్పున ఒక్క బిడ్డకు 25 రోజుల లెక్క. ఇంట్ల ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ పంచవలసిందే. ఒకరికి పెట్టి ఇద్దరిని చూసుకుంట కూసోమని ఏ తల్లికి చెప్తం?

పిండి కంటే పెద్ద కరువు తల్లి చేతికి తీరిక. పసిబిడ్డ కడుపు చిన్నది. తొమ్మిది నెలలు దాటినంక తల్లిపాలతో పాటు రోజుకు మూడు నాలుగుసార్లు గట్టి తిండి పెట్టాలె. నడుమ చిరుతిండి వేరే. బీడీలకు కూలి వెయ్యికి లెక్కగట్టి ఇస్తరు. బిడ్డకు తినిపించిన ప్రతి అరగంట ఆ కూలిలోంచి పోతది. అందుకే చాయ్‌ల ముంచిన బన్ను, ఐదు రూపాయల ప్యాకెట్ బిడ్డ చేతికొస్తయి. ఆకలి అణుగుతది, రక్తం పట్టదు. చాయ్ అయితే తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనియ్యదు. ఇది తల్లి నేరం కాదు.

బీడీ కార్మికుల కోసం 1966లో చేసిన చట్టం, ఆడవాళ్లు ఎక్కువమంది పనిచేసే కార్ఖానల్లో పిల్లల గది పెట్టాలన్నది. పని కార్ఖాన దాటి ఇంటికొచ్చింది. ఆకు, జర్ద ఇంటికొచ్చినయి కానీ పిల్లల గది మాత్రం రాలేదు. జర్ద దుమ్ముల బిడ్డ పాకుతున్నది.

కాబట్టి మేం అడిగేది ఒక్కటే. బీడీలు, సాంచెలు ఉన్న ప్రతి వాడలో అంగన్‌వాడీకి శిశుసంరక్షణ కేంద్రం జోడించాలె. పని నడిచినంతసేపు అది తెరిచి ఉండాలె. మూడేండ్లలోపు పిల్లలకు పూటపూటకు తినిపించే ఆయాను వేరుగా పెట్టాలె. ఇదేమీ కొత్త కోరిక కాదు. అంగన్‌వాడీ, క్రెష్ కలిపి నడిపే వీలు కేంద్ర ప్రభుత్వ పాలనా పథకంలోనే ఉన్నది.

అందాక ఇంట్ల చేయగలిగింది చేద్దాం. పలచటి పప్పునీళ్లు కాకుండ మెత్తగ పిసికిన గట్టి పప్పన్నంల చెంచాడు నూనె, తోటకూర, నాలుగు చుక్కల నిమ్మరసం కలుపుదాం. బిడ్డ గుడ్డు బిడ్డకే పెడదాం.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! ఈ వారం మీ వాడ అంగన్‌వాడీకి పోయి మూడు సంగతులు అడుగుండ్రి. మూడేండ్లలోపు పిల్లలెందరు? గుడ్లు ఎన్ని వచ్చినయి? తూకం మిషన్ పనిచేస్తున్నదా? జవాబులు రాసుకొని రండ్రి. అధికారుల దగ్గరికి ఆ కాయితంతోనే పోదాం.