లెక్క నేర్పిన గడియారానికి సెలవు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో వక్తలు సాధారణంగా గడచిన కాలాన్ని స్మరిస్తారు. మాతృభాష ఔన్నత్యాన్ని కీర్తిస్తారు. ఆ రెండు పనులూ నాకంటె బాగా చేయగల పెద్దలు ఈ వేదిక మీద ఉన్నారు. కనుక నేను మణికట్టుకు కట్టుకొనే ఒక చిన్న యంత్రాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అడుగులు లెక్కించి, నాడి చూచి, నిద్రను సైతం తూకం వేసే వాచీ అది. దానిని ఎట్లా వాడుకోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. దాని అవసరం ఎప్పుడు తీరుతుందో, తీరిన తరువాత దానిని ఎట్లా విడిచిపెట్టాలో చెప్పేవారు అరుదు. నా ప్రసంగం ఆ రెండవ విషయాన్ని గురించి.

ఇది పాఠశాలకు సంబంధించని విషయమని కొందరికి తోచవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. అక్షరాలు దిద్దే పిల్లవానికి మనం గీతల పుస్తకం ఇస్తాము. పైగీత దాటకుండా, కిందిగీత జారకుండా వ్రాయమంటాము. కొన్నేళ్ళు గడిచేసరికి చేతికి వరుస వస్తుంది. తెల్లకాగితం మీద కూడా పంక్తి వంకరపోదు. అప్పుడు గీతల పుస్తకం అక్కరలేదు. ఆ పుస్తకం చెడ్డదని కాదు, తన పని పూర్తిచేసినదని అర్థం. పదవ తరగతికి వచ్చినా గీతలు లేనిదే వ్రాయలేకపోతే మాత్రం చదువులో ఎక్కడో లోపమున్నట్లు. వాచీ కూడా అటువంటి గీతల పుస్తకమే అని నా అభిప్రాయం.

మన భంజనగరాన్నే తీసుకొందాము. గుంసూరు తిరుగుబాటు కాలంలో, అంటే 1835-36 ప్రాంతంలో, మద్రాసు ప్రభుత్వం పంపిన జార్జి రస్సెల్ పేర ఈ ఊరు చాలాకాలం రస్సెల్‌కొండగా పిలువబడినది. తరువాత కవిసమ్రాట్ ఉపేంద్ర భంజుని పేర భంజనగర్ అయినది. 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుండి విడివడి ఒరిస్సాలో చేరినది. ఆ కాలపు మన పెద్దలలో అధికసంఖ్యాకులు కాలినడకనే నమ్ముకొన్నవారు. సంతకు నడిచారు, పొలానికి నడిచారు, చుట్టాల ఇంటికి నడిచారు. నడవమని వారికెవరూ చెప్పవలసిన అవసరం లేకపోయినది. బ్రతుకే నడిపించినది.

నేడు బ్రతుకు మనలను కూర్చోబెట్టినది. దుకాణంలో కూర్చుంటాము, కార్యాలయంలో కూర్చుంటాము, వీధి చివరకు పోవాలన్నా స్కూటరు తీస్తాము. దాని ఫలితంగా చక్కెర వ్యాధి, రక్తపు పోటు ప్రతి వీధిలోనూ వినిపించే మాటలైనవి. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తున్న కుమారుడు పండుగకు వచ్చినప్పుడు తండ్రి చేతికి ఒక వాచీ తొడిగి, "నాన్నగారూ, రోజుకు పదివేల అడుగులు తప్పక నడవండి" అని చెప్పి వెళుతున్నాడు. అది ప్రేమతో ఇచ్చిన కానుక. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ పదివేలు ఎక్కడినుండి వచ్చినవో తెలిసికోవడం మంచిది.

దేహాన్ని గడియారంతో కొలవాలనే ఆలోచన క్రొత్తది కాదు. 1707లో ఇంగ్లండులో సర్ జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు నాడి లెక్కించడం కోసమే ఒక్క నిమిషం నడిచే గడియారాన్ని వాడి, దానిని గురించి గ్రంథం వ్రాశాడు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ వెంటనే, 1965లో, జపానులోని ఒక గడియారాల సంస్థ నడుముకు తగిలించుకొనే అడుగుల లెక్కయంత్రాన్ని అమ్మకానికి పెట్టి దానికి 'మాంపో-కెయ్' అని పేరు పెట్టినది. పదివేల అడుగుల మాపకం అని ఆ మాటకు అర్థం. అంటే ఈ పదివేలు వైద్యశాస్త్రం తేల్చిన సంఖ్యగా గాక, ఒక వస్తువు పేరుగా పుట్టినది. 1982లో ఫిన్లండుకు చెందిన పోలార్ సంస్థ తీగలేకుండా గుండె వేగాన్ని చూపే పరికరాన్ని క్రీడాకారులకు అందించినది. 2009లో ఫిట్‌బిట్, 2015లో ఆపిల్ వాచీ వచ్చిన తరువాత క్రీడాకారుల పరికరం గృహస్థుల చేతికి చేరినది.

మరి ఆ పదివేలకు ఆధారమేమైనా ఉన్నదా? 2019లో అమెరికాలో సగటున 72 సంవత్సరాల వయస్సు గల 16,741 మంది స్త్రీల నడకను పరిశీలించారు. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారికంటె 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు స్పష్టంగా తక్కువగా కనిపించినవి. సుమారు 7,500 అడుగుల వరకు ఆ మేలు పెరుగుతూ పోయి, ఆపైన నిలిచిపోయినది. కనుక అయిదువేల అడుగులు నడిచి, పదివేలు కాలేదని దిగులుతో నిద్రించే ముసలితల్లికి ఆ దిగులు అక్కరలేదు.

వాచీ వలన మేలు లేదా అంటే, ఉన్నది. 2007లో అడుగుల లెక్కయంత్రాలపై జరిగిన 26 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూచారు. వాటిలో కట్టుదిట్టంగా జరిగిన పరీక్షలలో, యంత్రం ధరించినవారు ధరించనివారికంటె రోజుకు సగటున 2,500 అడుగులు అధికంగా నడిచారు. కూర్చున్నవానిని లేపడంలో దానికి సాటి లేదు. తానెంత తక్కువ నడుస్తున్నాడో మనిషికి సాధారణంగా తెలియదు. వాచీ ఆ నిజాన్ని మొగమాటం లేకుండా చెబుతుంది.

అయితే దాని చూపుకు హద్దులున్నవి. వాచీ అడుగును చూడదు, చేతి ఊపును చూస్తుంది. నీళ్ళబిందె చంకనెత్తుకొన్న ఇల్లాలి అడుగులు, తోపుడుబండి పట్టుకొన్న కూరగాయల వ్యాపారి అడుగులు చాలావరకు దాని లెక్కకు రావు, వారి చేయి ఊగదు గనుక. వరినాట్లు వేసే కూలి దినమంతా నడుము వంచి చేసిన శ్రమ దానికి అల్పంగానే కనబడుతుంది. కూర్చుండి చేతులు ఊపుతూ కబుర్లు చెప్పేవానికి మాత్రం కొన్ని అడుగులు ఉచితంగా జమ అవుతవి. చర్మం మీదికి పచ్చని కాంతిని పంపి, రక్తం దానిని ఎంత పీల్చుకొన్నదో చూచి గుండె వేగాన్ని అంచనా వేస్తుంది. ఆ పని చాలావరకు సక్రమంగానే చేస్తుంది. ఖర్చైన శక్తి లెక్క మాత్రం నమ్మదగినది కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఏడు రకాల పరికరాలను పరీక్షించినప్పుడు, వాటిలో మేలైనది కూడా కేలరీల లెక్కలో సగటున 27 శాతం తప్పినది. అన్నిటికంటె అధమమైనది 93 శాతం తప్పినది. ఆ అంకెను చూచి రెండు మిఠాయిలు అధికంగా తినేవారు ఎంత నష్టపోతారో మీరే ఊహించండి. 2016లో ప్రచురితమైన మరొక పరిశోధనలో 471 మందిని రెండు సంవత్సరాలు గమనించారు. అందరికీ ఆహార వ్యాయామ నియమాలు ఒకటే. పరికరం ధరించినవారు సగటున మూడున్నర కిలోలు తగ్గితే, ధరించనివారు దాదాపు ఆరు కిలోలు తగ్గారు.

వీటన్నిటికంటె గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. 2016లోనే జోర్డన్ ఎట్కిన్ అనే అమెరికా పరిశోధకురాలు రంగులు నింపడం, నడవడం, చదవడం వంటి పనులను కొందరిచేత లెక్క పెడుతూ చేయించారు. కొందరిచేత లెక్క లేకుండా చేయించారు. లెక్క ఉన్నవారు ఎక్కువ పని చేశారు, కాని దానిని తక్కువగా ఆనందించారు. లెక్క తీసివేసిన తరువాత ఆ పనిని కొనసాగించాలనే కోరిక వారిలోనే తగ్గినది. అధ్యాపకులకు ఈ మాట సులభంగా అర్థమవుతుంది. మార్కుల కోసమే పద్యం కంఠస్థం చేసిన విద్యార్థి పరీక్ష మరునాడు ఆ పద్యాన్ని మరచిపోతాడు. పద్యం చెవికి ఇంపైనందున నేర్చినవాడు ముసలితనంలో కూడా చదువుకొంటాడు. నడక కూడా అంతే. వాచీ చార్జింగు అయిపోయినది గనుక ఈ పూట నడవడం దండుగ అని మనిషి తలచిన రోజున, యంత్రం సేవకుని స్థానం నుండి యజమాని స్థానానికి ఎక్కినట్లే.

మన ప్రాంతంలో దీనికి ఎదురుగా నిలిచే దృష్టాంతాలున్నవి. చైత్రమాసపు మంగళవారాలలో ఋషికుల్యా తీరాన తరాతారిణి కొండకు వేలాదిమంది వస్తారు. ఆ కొండకు 999 మెట్లని ప్రసిద్ధి. ఆ సంఖ్య అందరికీ తెలిసినదే. కాని తల్లి దర్శనానికి ఎక్కే మనిషి సంఖ్య కోసం ఎక్కడు. ఆయాసం వస్తే మెట్టు మీద కూర్చుంటాడు, ఊపిరి కుదుటపడితే లేస్తాడు. ఎంత వేగంగా ఎక్కాలో అతనికి అతని ఊపిరే చెబుతున్నది.

కొలత పూర్తిగా వ్యర్థమని మాత్రం అనుకోరాదు. బరంపురానికి చెందిన మన తెలుగుబిడ్డ కాటూలు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో 69 కిలోల విభాగంలో బరువులెత్తి స్వర్ణపతకం, 2014 గ్లాస్గో క్రీడలలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. పోటీలో కిలో తేడా పతకాన్ని మారుస్తుంది. అక్కడ కొలతే ప్రాణం. అయితే మనలో చాలామందిమి పతకం కోసం నడవడం లేదు. ఎనభయ్యవ ఏట ఒకరి చేయి పట్టుకొనకుండా పెరటిలోనికి పోగలగడం కోసం నడుస్తున్నాము. ఆ లక్ష్యానికి ప్రతిదిన లెక్కకంటె ప్రతిదిన అలవాటు ముఖ్యం.

ఇక వాచీని విడిచే పద్ధతి. దానిని ఒక్కనాటిలో పెట్టెలో పడవేయమని నేను చెప్పను. ముందుగా అది చెప్పేవాటిని దేహం చేత చెప్పించడం నేర్చుకోవాలి. మొదటిది వేగం. నిమిషానికి సుమారు నూరు అడుగులు పడితే పెద్దలలో చాలామందికి అది మధ్యరకం వ్యాయామమని పరిశోధకులు తేల్చారు. అంటే పది నిమిషాలకు వెయ్యి. రెండు మూడు వారాలు వాచీతో సరిచూచుకొంటే ఆ లయ కాలికి పట్టుబడుతుంది. రెండవది ఊపిరి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అది సరియైన శ్రమ. రెండు మాటలకే ఊపిరి తెగితే అది తీవ్రమైన శ్రమ. మూడవది నాడి. బొటనవ్రేలి మొదట, మణికట్టు దగ్గర, రెండు వ్రేళ్ళుంచి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయండి. విశ్రాంతిలో పెద్దవారికి అరవై నుండి నూరు వరకు సాధారణం. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్, మనిషి తన శ్రమను తానే ఆరు నుండి ఇరవై వరకు గల అంకెలలో చెప్పుకొనే పద్ధతిని ఏర్పరచాడు. ఆ అంకెను పదితో హెచ్చిస్తే గుండె వేగానికి దగ్గరగా వస్తుంది. దేహానికి తనను తాను కొలుచుకొనే శక్తి ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

ఈ మూడూ వచ్చిన తరువాత వారంలో ఒక దినం వాచీ లేకుండా నడవండి. తరువాత రెండు దినాలు. కొంతకాలానికి వారంలో ఒక్కదినం మాత్రమే ధరించి, మీ అంచనా సరిగా ఉన్నదో లేదో చూచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ. నిమిషాలు లెక్కించడానికి గోడమీది క్యాలెండరు, ఒక పెన్సిలు ముక్క చాలును. నడకకు ఒక తోడును, ఒక పనిని, ఒక దారిని కూర్చండి. లెక్క తీసివేసినప్పుడు ఏర్పడే ఖాళీని ఆ మూడూ నింపుతవి. ఋషికుల్యా నీటిపారుదల పథకంలో భాగంగా పంతొమ్మిదవ శతాబ్దం చివర కట్టిన మన జలాశయం పక్కన ఉదయం నడవడానికి వేరే ప్రోత్సాహం ఎందుకు?

ఒక హెచ్చరిక చేయకుండా ముగించడం న్యాయం కాదు. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారు, వైద్యులు ధరించమన్నవారు నా మాట విని వాచీని తీయరాదు. 2019లో ప్రచురితమైన ఆపిల్ హృదయ అధ్యయనంలో నాలుగు లక్షలకు పైగా పాల్గొన్నారు. వారిలో నూటికి ఒక్కరికి కూడా హెచ్చరిక రాలేదు. వచ్చి, తరువాత వేరే పరికరంతో పరీక్ష పూర్తి చేసికొన్నవారిలో మాత్రం మూడవ వంతు మందికి నిజంగానే లయ తప్పినట్లు తేలినది. అటువంటివారికి అది కావలివాడు. కావలివానిని, గురువును ఒకే రీతిగా సాగనంపరాదు.

చిన్నారులారా, మంచి గురువు లక్షణమేమిటో తెలుసునా? తన అవసరం లేకుండా శిష్యుడు నడవగలిగినప్పుడు సంతోషించడం. ఈ పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలుగా చేస్తున్న పని అదే. ఇక్కడ తెలుగు చదువుకొన్నవారు పుస్తకం మూసిన తరువాత కూడా తెలుగు మరువకపోవడమే దాని విజయం. వాచీ నేర్పిన నడక కూడా వాచీ తీసిన తరువాత మీ కాళ్ళలో మిగలాలి. మీ ఇళ్ళలో తాతగారికో, అమ్మమ్మగారికో ఆ యంత్రం ఉంటే, ఈ సాయంకాలమే వారి పక్కన కూర్చుండి నాడి చూడడం నేర్చుకోండి. వారి చేయి పట్టుకొనేందుకు అది ఒక మంచి కారణం కూడా.